రసమట్టం తిప్పి చూడు

ఫిబ్రవరి 6

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, బాగా లేనిది బండి సంగతే. ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావా? నీకు ఫోను చేస్తే నాతో మాట్లాడుతున్నావో, నీ సర్వీసు కౌంటరు ముందు నిలబడ్డవాళ్లతో మాట్లాడుతున్నావో తెలియదు. మొన్న నా మోకాలి నొప్పి గురించి చెబుతుంటే "రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాం సార్" అన్నావు. ఉత్తరమైతే ఎదురుగా ఎవరూ లేనప్పుడు చదువుతావని ఆశ. కేకు దించేసి తిరిగి వస్తున్నాం. వ్యాను వెనక, దారిలో కేకుని పట్టుకోవడానికి వేసుకున్న నా స్టూలు మీద కూర్చుని, ఖాళీ అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. బేకరీకి చేరితే నాకింత తీరిక దొరకదు.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు. మా వ్యానుకి వెనక చక్రాలను పట్టుకుని ఉండే ఆర్ములు విరిగే ప్రమాదం ఉందని, ఊరికే మార్చి ఇస్తామని కంపెనీ రీకాల్ చేసింది కదా. నువ్వూ ఆ కంపెనీ షోరూములోనే పనిచేస్తున్నావు కాబట్టి నిన్నే అడిగాం. "మీ ఊరి షోరూముకే ఇవ్వండి, అక్కడి వర్క్‌షాప్ మేనేజరు నాకు పని నేర్పిన గురువుగారు, కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు" అన్నావు. మీ బావ బండికి పుట్టింటి నుంచి పిలుపొచ్చినంత సంబరపడి తీసుకెళ్లారు. సాయంత్రానికి కడిగి, తుడిచి, సీటు మీద కాగితం పరిచి మరీ ఇచ్చారు.

అప్పటి నుంచే నా కేకులు ఒరుగుతున్నాయి. బేకరీలో బల్ల మీద నిటారుగా నిలబడ్డ కేకు, దింపే చోటికి చేరేసరికి ఒక పక్కకి వాలిపోతోంది. బ్యాంకు మేనేజరుగారి రిటైర్మెంటుకి చేసిన మూడంతస్తుల కేకు ఆయనకంటే ముందే రిటైరయ్యేలా కనబడింది. క్రీముతో సర్ది ఎలాగో పరువు కాపాడుకున్నాను. ఇవాళ్టిదీ అదే కథ. పైగా బండి వెనక నుంచి టక్, టక్ అని చప్పుడు. నాన్న తాపీ పనికి వాడిన రసమట్టం నా దగ్గరే ఉందిగా, కేకు అంతస్తులు మట్టంగా ఉన్నాయో లేదో దానితోనే చూస్తాను. దాన్ని వ్యాను నేల మీద పెట్టి చూస్తే బుడగ కుడివైపుకి పోయింది. అంటే కుడివైపు లేచి ఉందన్న మాట. మీ బావకి చూపిస్తే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. బండిని మొన్ననేగా బాగుచేయించాం. నీ చెయ్యే వణుకుతోంది, అంతస్తుల లోపల నిలబెట్టే పుల్లలు వంకరగా దిగుతున్నాయి" అన్నారు.

అమ్మకి ఈ వయసులోనే చెయ్యి వణుకు మొదలైంది. చివర్లో మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. నాకు భయంగా ఉందిరా. ఈ చేతి పని తప్ప నాకు ఇంకో విద్య రాదు. నువ్వు బండ్ల మధ్య బతికేవాడివి, దాచకుండా చెప్పు. తప్పు బండిదా, నా చేతిదా?

నీ అక్క

ఫిబ్రవరి 12

అక్కకి, బావగారికి నమస్కారాలు.

నీ ఉత్తరం కౌంటరు దగ్గరే చదివాను. మధ్యలో ముగ్గురు కస్టమర్లొచ్చారు, అయినా పూర్తిచేశాను. ముందు బండి సంగతి చెబుతాను. మా గురువుగారు నాకు పని నేర్పే రోజుల్లో ఒక వాషరు తిరగేసి పెట్టానని, దాన్ని సరిచేసేదాకా నన్ను అన్నానికి లేవనివ్వలేదు. అలాంటి మనిషి చేతికింద తప్పు జరగదు. కొత్త పార్టులు పడ్డాక కొన్నాళ్లు చప్పుడుంటుంది, అదే సర్దుకుంటుంది. బావగారిని మలుపుల దగ్గర కాస్త నిదానించమను. వెనక ఉన్నది కేకులని, సిమెంటు బస్తాలు కాదని గుర్తుచెయ్యి.

ఇక రసమట్టం. పోయి పోయి దాన్ని నమ్ముకున్నావా? చిన్నప్పుడు నువ్వు దాన్ని మేడ మెట్ల మీంచి పడేసిన రోజు నుంచి అది నిజం చెప్పడం మానేసింది. చదునైన బల్ల మీద పెట్టినా బుడగ పక్కకే పోతుంది. నాన్న ఎంత విసుక్కునేవారో మర్చిపోయావా?

రాయనా వద్దా అనుకుంటూనే ఇంకో మాట రాస్తున్నాను. నీ ఉత్తరంలో అక్షరాలు నిజంగానే వణికాయి. కొన్నిచోట్ల గీత దాటి కిందికి దిగిపోయాయి. నీ రాత అచ్చుగుద్దినట్టు ఉండేది, నా చిన్నప్పటి నోటు పుస్తకాల మీద పేర్లన్నీ నీతోనే రాయించుకునేవాణ్ని. ఒక్కసారి డాక్టరుకి చూపించుకో. అమ్మ ఆలస్యం చేసింది, నువ్వు చెయ్యకు. ఈ వయసులో ఆ మూడంతస్తుల బరువెందుకు, బన్నులూ బిస్కెట్లూ చేసుకుంటే చాలదా?

నీ మేలు కోరే
తమ్ముడు

ఫిబ్రవరి 17

సర్వీసు అడ్వయిజరుగారికి,

తమరి సలహా అందింది. డాక్టరు దగ్గరికి వెళ్లాను. చేతులు చాపమన్నాడు, కళ్లు మూసుకుని వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. "వయసుతో కొంచెం వణుకు మామూలేనమ్మా, కాఫీ తగ్గించండి" అన్నాడు. కొంచెం అంటే ఎంతో చెప్పలేదు. కాఫీ మొత్తం మానేశాను. ఇప్పుడు వణుకు భయంతో పాటు తలనొప్పి కూడా ఉంది.

అంతస్తుల కేకులు ఇక చెయ్యదలుచుకోలేదు. ఆ మాట బోర్డు మీద రాయించాలి, పెయింటరు వస్తానన్నాడు. ఒప్పుకున్నది ఒక్కటే మిగిలింది, పక్కవీధి నర్సమ్మ కూతురి పెళ్లి కేకు. ఆ పిల్ల మొదటి పుట్టినరోజు కేకు నేనే చేశాను. చూసి భయపడి ఏడ్చింది, తర్వాత చెవుల దాకా క్రీము పూసుకుంది. ఇప్పుడు పెద్దదై వచ్చి, "మీరు తప్ప ఎవరు చేసినా నాకొద్దు పిన్నీ" అంటోంది. దాన్ని కాదనలేకపోయాను. అది చేసి ఇచ్చేశాక ఈ పనికి నీళ్లొదిలేస్తాను.

నేను వంటింట్లో ఏడుస్తుంటే మీ బావ చూశారు. వెంటనే చెప్పులేసుకుని మీ గురువుగారి షోరూముకి వెళ్లారు. కౌంటర్లో పిల్లవాడు కంప్యూటరు చూసి, "పని పూర్తయిందని ఉంది సార్" అన్నాడట. "కంప్యూటరులో కాదు, బండిలో చూడు" అంటే, "అందులో పూర్తయితే ఇందులో అయినట్టే సార్" అన్నాడట. దాంతో ఒళ్లు మండి, "మీ కంపెనీలోనే ఉన్న మా బావమరిది కూడా మీ పని చెత్త పని అన్నాడు" అనేసి వచ్చారు. నువ్వలా అనలేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మాటకి బరువుంటుందని అన్నారట.

ఆ రసమట్టం మెట్ల మీంచి పడేసింది నువ్వు. నేను పట్టుకోబోయాను. అది సరే గానీ, నర్సమ్మ కూతురి కేకు ఎలా నిలుస్తుందోనని దిగులుగా ఉంది. ఎన్నిసార్లు ఎంత జాగ్రత్తగా కట్టినా ఒట్టు పెట్టుకున్నట్టు ఎడమ పక్కకే ఒరుగుతుంది.

ఇట్లు
కాఫీ లేని నీ అక్క

ఫిబ్రవరి 22, పొద్దున్న

అక్కా,

బావగారు నన్ను నిలువునా ముంచారు. గురువుగారు ఫోను చేశారు. ఆయన అరిచే మనిషి కాదు, అదే కష్టం. "నేను నేర్పింది చెత్త పనని ఇన్నేళ్లకి తెలిసిందా నాయనా?" అని పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు. ఆయన ముందు నా తల ఎలా ఎత్తుకోను? మీ ఆయన మాటకి బరువు కావాలంటే తన మాటతోనే తెచ్చుకోమను, నా పేరు కలపొద్దను. చూస్తే నీకు కోపం, చూస్తే గురువుగారికి కోపం, మధ్యలో నేనేం చేశానని? కస్టమరు వచ్చాడు, ఆపుతున్నాను.

అదే రోజు సాయంత్రం

పైన రాసింది చింపేద్దామనుకున్నాను. ఉండనీ, నా బుద్ధి నీకు తెలియందేముంది.

మధ్యాహ్నం స్టోరు గదిలో తలుపేసుకుని నీ ఉత్తరాలు రెండూ మొదటి నుంచి చదివాను. మొదటి దాంట్లో, మొదట్లోనే, "వ్యాను వెనక స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను" అని ఉంది. కౌంటరు దగ్గర చదివినప్పుడు ఆ ముక్క నా కంటికి ఆనలేదు. కదిలే బండిలో రాస్తే ఎవరి రాతైనా వణుకుతుంది. రెండోది బల్ల దగ్గర రాసినట్టున్నావు, అంత కోపంలోనూ అక్షరం చెదరలేదు. అది చూడకుండా నిన్ను డాక్టరు దాకా తరిమాను. సిగ్గుగా ఉందక్కా.

నీ చివరి వాక్యం దగ్గర ఇంకా సేపు ఆగిపోయాను. ఎప్పుడూ ఎడమకేనా? వణికే చేతికి పక్షపాతం ఉండదు, ఒకరోజు ఇటు, ఒకరోజు అటు ఒరగాలి. అయినా మనం ఊహించుకోవడం వద్దు, నాన్న పద్ధతిలో తేల్చుకుందాం. మట్టం పాడైందని నాన్న దాన్ని పారెయ్యలేదు, గుర్తుందా? గోడ మీద ఒకసారి పెట్టి, రెండు కొసలూ తారుమారు చేసి మళ్లీ అక్కడే పెట్టేవారు. "తిప్పి చూడు. బుడగ పక్క మారితే తప్పు మట్టానిది, మారకపోతే గోడది" అనేవారు.

కేకు ముఖం నువ్వెప్పుడూ వెనక తలుపు వైపే పెడతావు కదా. ఈసారి డ్రైవరు వైపుకి తిప్పి పెట్టు. కేకు ముఖానికి ఎదురుగా నిలబడితే కనబడే ఎడమా బండి ఎడమా అప్పుడు వేరైపోతాయి. కేకు ఆ ఎడమకే ఒరిగితే సంగతి నీ చేతిది. బండి ఎడమకి ఒరిగితే బండిదే. రసమట్టాన్నీ అలాగే తిప్పి పెట్టు. నెమ్మదిగా నడపమను, అది తేలేదాకా పెద్ద వంతెన ఎక్కొద్దు.

తమ్ముడు

ఫిబ్రవరి 27

తమ్ముడూ,

కాఫీ తాగుతూ రాస్తున్నాను. దాన్నిబట్టే అర్థమై ఉంటుంది.

పెళ్లి కేకుతో ప్రయోగం చెయ్యడానికి మనసొప్పక, మామూలు పిండితో ఉత్తుత్తి కేకు మూడంతస్తులు కట్టాను. ముఖం డ్రైవరు వైపుకి తిప్పి పెట్టాను. మార్కెట్టు చుట్టూ మీ బావ ఎంత నిదానంగా నడిపారంటే, వెనక రిక్షా వాళ్లు కూడా హారను కొట్టారు. నేను స్టూలు మీద కూర్చుని కేకుని ముట్టుకోకుండా చేతులు కట్టుకున్నాను. రెండో చుట్టు తిరిగేసరికి పై అంతస్తు కదిలింది. ఏ పక్కకి కదిలిందనుకున్నావు? బండి ఎడమకి. కేకు ముఖానికి ఎదురుగా నిలబడి చూస్తే అది కుడి. నేను అరిచిన అరుపుకి మీ బావ బండి ఆపేసి, ఎవరినో గుద్దేశాననుకుని దిగి వెతికారు.

తర్వాత రసమట్టం తిప్పి పెట్టాం. బుడగ కొంచెం వెనక్కి తగ్గింది గానీ కుడివైపే ఉంది. నేల వాలుగా ఉందేమోనని మీ బావ బండినే తిప్పి, అటు ముఖం ఇటు పెట్టి మళ్లీ చూశారు. అయినా బండికి కుడివైపే. చక్రానికీ పైన రేకుకీ మధ్య సందులో నా కేకు గరిట పెట్టి కొలిచారు. ఎడమవైపు బిగుతుగా పట్టింది, కుడివైపు గరిటతో పాటు ఆయన వేలు కూడా దూరింది. మద్దెలే ఓడని తేలిపోయింది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. నా చెయ్యి నాకు తిరిగొచ్చినట్టుంది. ఒరిగిన అంతస్తుని ఇద్దరం బండి అరుగు మీద కూర్చుని అక్కడే తినేశాం. మీ బావ క్షమించమని అనలేదు, ఆయన నోట ఆ మాట వచ్చేది కాదు. ఇంటికొచ్చి ఓవెన్ ట్రేలన్నీ తోమిపెట్టారు, మాడినవి కూడా. పెయింటరు వస్తే బోర్డు వద్దని పంపేశారు.

పెళ్లి ఇంకెంతో దూరం లేదు. మండపం పెద్ద వంతెనకి అవతల ఉంది. ఇప్పుడేం చెయ్యమంటావు?

నీ అక్క

మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం కౌంటరు దగ్గర విప్పలేదు, బయట చెట్టు కింద నిలబడి చదివాను. మనసు తేలికపడింది, వెంటనే బెంగ కూడా పట్టుకుంది. పెళ్లి కేకు సంగతి తర్వాత, ముందు ఆ బండిని షోరూముకి తప్ప ఎక్కడికీ నడపొద్దు.

జరిగిందేమిటో నేను అనుకుంటున్నది చెబుతాను. ఆ ఆర్ముల కొసల్లో ఇనుము రాసుకోకుండా రబ్బరు బుష్షులుంటాయి. బండిని లిఫ్టు మీదకి ఎత్తితే చక్రాలు గాల్లో వేలాడతాయి. బోల్టులు అప్పుడే గట్టిగా బిగించేస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే పట్టేస్తుంది. బండిని దించాక అది మెలిపడి ఆ పక్కని పైకి నెడుతూనే ఉంటుంది. అందుకే బండిని నేలకి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు వెయ్యాలి. ఇది నాకు నేర్పింది గురువుగారే. రీకాల్ బండ్లు వరసగా వచ్చిపడితే తొందరలో జరిగేదీ ఇదే. కుడివైపు సంగతి అదనుకుంటాను. కానీ వెనక నుంచి ఆ టక్, టక్ చప్పుడెందుకో నాకు అర్థం కావడం లేదు, నా బెంగంతా దాని మీదే.

అనుమానం వచ్చి మా దగ్గర చేసిన రీకాల్ బండ్లు కూడా నిన్న పిలిపించి చూశాను. ఒకదానికి మేమూ గాల్లోనే బిగించాం. దాన్ని సరిచేసి పంపాను. నీ కేకు పుణ్యాన ఒకరికి మేలైంది.

గురువుగారు ఫోను ఎత్తడం లేదు. అందుకని బావగారు వద్దు, నువ్వు వెళ్లు. కౌంటరు దగ్గర ఆగకుండా నేరుగా ఆయన గదికి వెళ్లు. రసమట్టం తీసుకెళ్లు. వాదించకు, చూపించు. బండిని ఎత్తినప్పుడు దగ్గరే నిలబడతానని చెప్పు.

తమ్ముడు

మార్చి 10

తమ్ముడూ,

వెళ్లాను. రసమట్టంతో పాటు రెండంతస్తుల చిన్న కేకు కూడా తీసుకెళ్లాను. మీ బావ బండి నడిపారు గానీ, లోపలికి మాత్రం రావద్దన్నాను. మీ గురువుగారు సన్నగా, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో, నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉన్నారు. "మీ తమ్ముడు పంపించాడా?" అన్నారు. "కేకు పంపించింది సార్. ఒక్కసారి బండిలో నా స్టూలు మీద కూర్చుని దీన్ని పట్టుకోండి, మా ఆయన ఈ ఆవరణలోనే నాలుగు చుట్లు తిప్పుతారు. తర్వాత మీరేం చెబితే అది వింటాను" అన్నాను. మెకానిక్కులందరూ పని ఆపి చూస్తున్నారు. కాదనడానికి ఆయనకి మొహమాటం అడ్డొచ్చింది.

నాలుగు చుట్లు అక్కర్లేకపోయింది. దిగేసరికి ఎడమ భుజం నిండా క్రీము. నేను నవ్వలేదు, ఒట్టు. ఆయన రుమాలుతో తుడుచుకుని, రసమట్టం అడిగి తీసుకుని, వ్యాను నేల మీద ఒకసారి పెట్టారు. ఎవరూ చెప్పకుండానే తిప్పి మళ్లీ పెట్టారు. "ఎత్తండి" అన్నారు.

కుడివైపు నువ్వన్నట్టే గాల్లో బిగించేశారు. ఎడమవైపు బిగించడమే మర్చిపోయారు. మీ గురువుగారు నట్టు మీద పానా పెట్టబోయి, అనుమానమొచ్చి వేళ్లతో తిప్పారు. అది వచ్చేసింది. సీసా మూత వచ్చినంత సులువుగా వచ్చేసింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టి మీ బావకి చూపించారు. మీ బావ పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డారు. వారం వారం పెద్ద వంతెన మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లింది ఆయనే కదా. తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు, అందరి ముందూ.

మీ గురువుగారు ఎవరినీ తిట్టలేదు. "పిల్లలు తొందరలో చేశారు. చూడకుండా సంతకం పెట్టింది నేనమ్మా" అన్నారు. బోల్టులన్నీ కొత్తవి వేయించి, బండిని దించి, బరువు పడ్డాక ఆయనే కిందికి దూరి స్వయంగా బిగించారు, ఆ క్రీము చొక్కాతోనే. రీకాల్‌కి వచ్చిన బండ్లన్నిటినీ మళ్లీ పిలిపిస్తున్నారు. నీకు ఈసరికి ఫోను చేసే ఉంటారు. చెయ్యకపోతే నువ్వే చెయ్యి, ఇప్పుడు ఎత్తుతారు. నన్ను పంపించేటప్పుడు, "మీవాడికి పని నేను నేర్పాను గానీ, తిప్పి చూడటం ఎవరు నేర్పారు?" అని అడిగారు. మా నాన్న అని చెప్పాను. నాన్న గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో.

ఇవాళే నర్సమ్మ కూతురి పెళ్లి. మూడంతస్తులూ కట్టి, పుల్లలు దింపి, రసమట్టం ఇటూ అటూ పెట్టి చూసి, కేకుని బండిలో పెట్టాను. అలవాటుగా వెనక ఎక్కబోతుంటే మీ బావ ముందు తలుపు తీసి పట్టుకున్నారు. "దాన్ని పట్టుకోవక్కర్లేదు, నువ్విటు రా" అన్నారు. ఈ వ్యాను కొన్నప్పటి నుంచి నేను ముందు సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇక్కడి నుంచి రోడ్డు ఎంత బాగా కనబడుతుందో ఈయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు పెద్ద వంతెన మీద ఉన్నాం. వెనక చప్పుడు లేదు. కేకు ఒక్కతే నిటారుగా కూర్చుని వస్తోంది, అద్దంలో కనబడుతోంది. ఈ ఉత్తరం మొదటి నుంచీ కదిలే బండిలోనే రాశాను, కాబట్టి ఈసారి పూర్తిగా చదువు. ఎక్కడైనా అక్షరం గీత దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లమనకు. అది రోడ్డు మీద గొయ్యి, నా చెయ్యి కాదు.

నీ అక్క